వేరే ఊళ్ల, వేరే దేశాల పిల్లల పుస్తకాలు: అమ్మానాన్నలూ టీచర్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి ముందుగదిలో ఆదివారాలు పిల్లల లైబ్రరీ నడుపుతాను. రెండు బీరువాలు, ఒక పెద్ద చాప. పిల్లల్ని దింపడానికి వచ్చిన అమ్మానాన్నలు, అప్పుడప్పుడు వచ్చే టీచర్లు ఎక్కువగా అడిగేది రెండో బీరువా గురించే. జపాన్ పిల్ల, కాబూల్ పిల్ల, కిర్గిజ్ పల్లెటూరి పిల్ల, మన పక్క గూడెం పిల్లవాడు ఉండేది అందులోనే. గుమ్మం దగ్గర నిలబడి హడావిడిగా చెప్పే జవాబులు ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

వేరే సంస్కృతుల పుస్తకాలంటే ఆయా దేశాల జానపద కథలేనా?

కాదు. జానపద కథలు నాకూ ఇష్టమే, మొదటి బీరువాలో చాలా ఉన్నాయి. కానీ రష్యా మంత్రగత్తె కథ చదివితే ఆ దేశంలో నాలుగో తరగతి చదివే పిల్ల పొద్దున్నే లేచి ఏం చేస్తుందో తెలియదు. మన కాశీమజిలీ కథలు చదివిన విదేశీ పిల్లవాడికి గుంటూరులో స్కూలు ఆటో ఎలా ఉంటుందో తెలియనట్టే. నేను చెప్పేది మామూలు పిల్లల మామూలు రోజుల మీద వచ్చిన పుస్తకాల గురించి. బడి, తిండి, చెల్లెలితో పేచీ, కొత్త చెప్పుల కోసం ఏడుపు, నాన్న ఇంటికి ఆలస్యంగా రావడం. అది కథైనా, డైరీ అయినా, బొమ్మల నవలైనా, ఫొటోల పుస్తకమైనా సరే.

మా పిల్లలకి మన సంస్కృతే సరిగ్గా తెలీదు. ముందు అది నేర్పాలి కదా?

ఈ ప్రశ్న వెనక ఉన్న బాధ నాకు తెలుసు. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లల్ని కథ రాయమంటే హీరో పేరు టామ్ అవుతుంది, కథలో మంచు కురుస్తుంది. మా చాప మీదే ఇది చాలాసార్లు చూశాను.

నైజీరియా రచయిత్రి చిమమాండా ఎన్‌గోజీ అడీచీ 2009లో ఒక ప్రసంగంలో సరిగ్గా ఇదే చెప్పారు. చిన్నప్పుడు ఆమె చదివినవి ఇంగ్లండ్, అమెరికా పుస్తకాలు. ఏడేళ్ల వయసులో కథలు రాయడం మొదలుపెడితే వాటిలో అందరూ తెల్లగా, నీలి కళ్లతో ఉండేవారట. మంచులో ఆడుకునేవారట, ఆపిల్ పళ్లు తినేవారట. ఆమె ఇంట్లో తిన్నది మామిడిపళ్లు, ఆమె ఊళ్లో మంచే పడదు. పుస్తకాల్లోకి తనలాంటి వాళ్లు రారేమో అని అప్పట్లో అనుకున్నానని చెప్పారు.

అమెరికాలో పిల్లల సాహిత్యం బోధించిన రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో దీనికి ఒక పోలిక ఇచ్చారు: పిల్లలకి కొన్ని పుస్తకాలు అద్దాల్లా ఉండాలి, కొన్ని కిటికీల్లా ఉండాలి. పిల్ల అద్దంలో తనని తాను చూసుకుంటుంది, కిటికీలోంచి పక్కవాళ్లని చూస్తుంది. ఎప్పుడూ అద్దమే దొరికిన పిల్ల ప్రపంచమంతా తనలాగే ఉంటుందనుకుంటుంది. ఎప్పుడూ కిటికీయే దొరికిన పిల్ల తన జీవితం పుస్తకానికి పనికిరాదనుకుంటుంది.

అందుకే ముందు ఏది, తర్వాత ఏది అనే లెక్క నేను పెట్టుకోను. ఒకే ఆదివారం రెండూ ఇస్తాను. టామ్ సంగతి చూస్తే, మన పిల్లలకి ఒకే దేశపు కిటికీ దొరకడం వల్ల వచ్చిన చిక్కు అది. కిటికీలు మూస్తే పోదు. ఇంకో నాలుగు తెరవాలి, ఇంట్లో అద్దం కూడా పెట్టాలి.

ఒక్క పుస్తకమే కొనగలం. ఏది కొనాలి?

'రైలుబడి'. ఆలోచించకుండా చెప్తాను.

జపాన్ నటి, టీవీ వ్యాఖ్యాత టెట్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి రాసిన పుస్తకం ఇది. జపాన్‌లో 1981లో వచ్చింది. చిన్నప్పుడు ఆమెని పిలిచిన టోటో-చాన్ అనే పేరుతో ఈ పుస్తకం ప్రపంచమంతా తెలుసు. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'రైలుబడి' పేరుతో వేసింది.

కథ మొదలయ్యేసరికి ఆ పిల్ల ఒకటో తరగతి. బల్ల మూత పదే పదే తీసి వేస్తోందని, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే బాజాల వాళ్లని పిలుస్తోందని బడి నుంచి పంపేస్తారు. వాళ్లమ్మ ఆ సంగతి పిల్లకి చెప్పకుండా కొత్త బడికి తీసుకెళ్తుంది. తోమోయె అనే ఆ బడిలో తరగతి గదులన్నీ పాత రైలు పెట్టెలే. హెడ్మాస్టరు సొసాకు కొబయాషి గారు ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని నీకు చెప్పాలనిపించినవన్నీ చెప్పు అంటారు. ఆ పిల్ల చెప్తూనే ఉంటుంది, ఆయన నాలుగు గంటలు వింటారు. ఒక్కసారి కూడా ఆవలించరు.

ఈ భాగం చదివినప్పుడల్లా చాప మీద పిల్లలు నిశ్శబ్దమైపోతారు. తమ మాట నాలుగు గంటలు విన్న పెద్దవాళ్లు తమకి ఎవరున్నారా అని ఆలోచిస్తున్నట్టు కనిపిస్తారు. పక్కన ఉన్న అమ్మానాన్నలు కూడా అలాగే అయిపోతారు.

ఇందులో కిమోనోల వర్ణనలు, చెర్రీ పూల పండుగలు పుస్తకానికి కేంద్రం కావు. పోలియో వచ్చిన స్నేహితుణ్ణి తన చెట్టు మీదకి ఎక్కించడానికి ఆ పిల్ల పడే అవస్థ ఉంది. ఎత్తు పెరగని ఒక పిల్లవాడు గెలిచేలా హెడ్మాస్టరు తయారుచేసిన ఆటల పోటీలు ఉన్నాయి, గెలిచిన వాళ్లకి బహుమతిగా కూరగాయలు ఇవ్వడం ఉంది. వీటి మధ్యలోంచే జపాన్ ఇల్లు, జపాన్ బడి, యుద్ధకాలపు తిండి కరువు పిల్లలకి తెలుస్తాయి. ఎవరూ పాఠం చెప్పినట్టు ఉండదు. కురొయనాగి 42 ఏళ్ల తర్వాత, 2023లో, దీనికి రెండో భాగం కూడా రాశారు.

చదవడం రాని చిన్నపిల్లలకి?

బొమ్మల పుస్తకాలు. అమెరికా చిత్రకారుడు ఎజ్రా జాక్ కీట్స్ 1962లో వేసిన 'ద స్నోయీ డే' చూడండి. పీటర్ అనే నల్లజాతి పిల్లవాడు మంచు పడిన రోజు బయటికెళ్లి ఆడుకుంటాడు. ఒక మంచు ఉండ జేబులో దాచుకుంటాడు. తర్వాత చూసుకుంటే జేబు ఖాళీ. కథ అంతే.

మంచు చూడని మన పిల్లలకి ఏం అర్థమవుతుందని నేనూ సందేహించాను. చదివి వినిపిస్తే ఒక నాలుగేళ్ల పాప, 'నేను వడగళ్లు గ్లాసులో దాచాను, నీళ్లయిపోయాయి' అంది. ఆ తర్వాత పీటర్ గురించి నేను వివరించాల్సింది ఏమీ మిగల్లేదు.

పుస్తకం మంచిదో కాదో కొనేముందు ఎలా తెలుస్తుంది?

నేను మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి, అందులో ఉన్న పిల్లకి ఏదైనా కావాలా అని చూస్తాను. ఒక వస్తువో, ఒక స్నేహితురాలో, ఒక అనుమతో ఏదో ఒకటి ఆమెకి కావాలి. ఆమె ఏమీ కోరుకోకుండా పండగ బట్టలు వేసుకుని నవ్వుతూ మా దేశంలో ఇది తింటాం, ఇలా నాట్యం చేస్తాం అని చెప్తూ ఉంటే ఆ పుస్తకం మనిషి గురించి కాదు, ఎగ్జిబిషన్ స్టాల్ గురించి. మన గురించి విదేశీ పుస్తకాల్లో ఏనుగు, పాముబుట్ట, హోలీ రంగులు కనిపిస్తే మనకెలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి.

తర్వాత బొమ్మలు చూస్తాను. ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయా? 1938 నాటి 'ద ఫైవ్ చైనీస్ బ్రదర్స్' మీద వచ్చిన పెద్ద విమర్శ అదే. కథలో అన్నదమ్ములు ఐదుగురూ ఒకేలా ఉండాలి, సరే. ఊళ్లో మిగతా చైనావాళ్లంతా కూడా ఒకే ముఖంతో, ఒకే పసుపు రంగుతో ఎందుకుండాలి?

ఊరి పేరు కూడా చూడండి. కథ ఆఫ్రికాలో జరిగింది అని మాత్రమే ఉంటే నాకు అనుమానం వస్తుంది. ఆఫ్రికాలో యాభైకి పైగా దేశాలున్నాయి. ఏ దేశం, ఏ ఊరు, ఇంట్లో ఏ భాష అన్నది రాసినవాళ్లకి తెలిసి ఉండాలి.

ఫొటో పుస్తకాల్లో మంచివి చాలా ముందే వచ్చాయి. స్వీడన్ ఫొటోగ్రాఫర్ ఆనా రివ్‌కిన్ 1951లో స్వీడన్ ఉత్తరాన ఉండే సామీ జాతి అమ్మాయి ఎల్లె కారి మీద పుస్తకం తెచ్చారు. ఆ దారిలోనే జపాన్‌లో నోరికో, కిలిమంజారో కొండ దగ్గర సియా, ఇలా ఒక్కో పుస్తకంలో ఒక్కో అమ్మాయో అబ్బాయో. చాలా వాటికి స్వీడన్ పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ మాటలు రాశారు. 1995లో యునిసెఫ్ 50 ఏళ్ల సందర్భంగా వచ్చిన 'చిల్డ్రన్ జస్ట్ లైక్ మీ' ఇంకో రకం. ఎన్నో దేశాల పిల్లలు, ఒక్కొక్కరికీ కాస్త చోటు. మా పిల్లలు దాన్ని ఎగబడి చూస్తారు. కానీ గుర్తుండేది మాత్రం ఒక్క పిల్లతో చాలాసేపు గడిపిన పుస్తకమే.

పాత క్లాసిక్స్‌లో వేరే జాతుల్ని తక్కువ చేసే మాటలున్నాయి. ఇవ్వాలా, దాచేయాలా?

దీనికి అమెరికా రచయిత్రి లారా ఇంగాల్స్ వైల్డర్ తన చిన్నతనం మీద రాసిన పుస్తకాల సంగతి చెప్తాను. 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ' 1935లో వచ్చింది. నాన్న చెక్కలు కొట్టి ఇల్లు కట్టడం, చలిమంట దగ్గర ఫిడేలు వాయించడం, పండక్కి దొరికిన చిన్న కానుక. చదువుతుంటే హాయిగా ఉంటుంది. కానీ ఆ కుటుంబం ఇల్లు కట్టుకున్నది కన్సాస్‌లో ఒసేజ్ జాతి ఆదివాసుల నేల మీద. మొదటి ముద్రణలో, అక్కడ మనుషులెవరూ లేరు, ఇండియన్లు (అమెరికా ఆదివాసుల్ని అప్పట్లో అలా పిలిచేవారు) మాత్రమే ఉన్నారు అనే అర్థం వచ్చే మాట ఉంది. దాదాపు 17 ఏళ్లు అది ఎవరి కంటా పడకుండా అచ్చవుతూ వచ్చింది. 1952లో ఒక పాఠకురాలు ప్రచురణకర్తలకి ఉత్తరం రాస్తే 'మనుషులు' తీసేసి 'వలస వచ్చినవాళ్లు' అని మార్చారు. ఇండియన్లు మనుషులు కారా అని అన్నేళ్లూ ఎడిటర్లకి తట్టలేదు. 2018లో అమెరికా లైబ్రేరియన్ల సంఘంలోని పిల్లల విభాగం తాను ఇచ్చే అవార్డుకి ఉన్న ఆమె పేరు తీసేసింది.

నేను ఆ పుస్తకాన్ని దాచలేదు. కానీ దాని పక్కనే లూయీస్ ఎర్‌డ్రిచ్ రాసిన 'ద బర్చ్‌బార్క్ హౌస్' పెట్టాను. ఆమె అమెరికా ఆదివాసుల్లో ఓజిబ్వే జాతి రచయిత్రి. ఈ నవల 1999లో వచ్చింది. కథ 1847లో, సుపీరియర్ సరస్సులోని ఒక దీవిలో జరుగుతుంది. ఒమకయస్ అనే ఏడేళ్ల అమ్మాయి. ఆ ఇంట్లో కూడా పని ఉంది, పాట ఉంది, అల్లరి తమ్ముడున్నాడు. తర్వాత మశూచి వస్తుంది, ఇంట్లో పసివాడు చనిపోతాడు. రెండూ చదివిన ఏడో తరగతి అమ్మాయి ఒకతె, 'లారా వాళ్లు వచ్చేముందు అక్కడ ఎవరి ఇల్లుందో మొదటి పుస్తకంలో లేదు' అంది. నేను చెప్పి ఉంటే అంత గట్టిగా తగిలేది కాదు.

మరీ చిన్నపిల్లలకైతే అలాంటి మాటలున్న పుస్తకం ఒంటరిగా ఇవ్వను. పక్కన కూర్చుని చదువుతాను.

ఆ సంస్కృతి వాళ్లే రాయాలా? బయటివాళ్లు రాస్తే తప్పా?

తప్పని నేననుకోను. పీటర్‌ని సృష్టించిన కీట్స్ నల్లజాతీయుడు కాదు, పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టినవాడు. కెనడా రచయిత్రి డెబొరా ఎల్లిస్ పాకిస్తాన్‌లోని అఫ్ఘాన్ శరణార్థి శిబిరాల్లో ఆడవాళ్లతో, పిల్లలతో మాట్లాడాక 'ద బ్రెడ్‌విన్నర్' రాశారు. అందులో 11 ఏళ్ల పర్వానా, నాన్నని తాలిబాన్లు తీసుకుపోతే జుట్టు కత్తిరించుకుని మగపిల్లవాడిలా బజారుకెళ్లి ఇల్లు నడుపుతుంది. మా లైబ్రరీలో చాలామందిని కదిలించిన పుస్తకం.

అయినా లోపలి మనిషి చెప్పినప్పుడు వచ్చే వివరం వేరు. 'వెన్ స్టార్స్ ఆర్ స్కాటర్డ్' 2020లో వచ్చిన బొమ్మల నవల. కెన్యాలోని దదాబ్ శిబిరంలో పెరిగిన సోమాలీ పిల్లవాడు ఒమర్ మహమ్మద్ తన కథని చిత్రకారిణి విక్టోరియా జేమీసన్‌తో కలిసి చెప్పాడు. అతని తమ్ముడు హసన్ ఒక్కటే మాట పలుకుతాడు: హూయో. సోమాలీలో అమ్మ. అన్నయ్య స్కూలుకి వెళ్తే ఆ తమ్ముణ్ణి ఎవరు చూస్తారు అన్నదే ఒమర్ రోజూ పడే టెన్షన్. శరణార్థి శిబిరం అనగానే మనకి వార్తల్లో గుడారాలు కనిపిస్తాయి. ఈ ప్రశ్న మాత్రం అక్కడ బతికినవాడికే తెలుస్తుంది.

యుద్ధం, ఆకలి, చావు ఉన్నవి చదివితే పిల్లలు భయపడరా?

కొందరు భయపడతారు. పదేళ్లలోపు వాళ్లకి యుద్ధం అంచున ఉన్న పుస్తకాలే ఇస్తాను. 'రైలుబడి' చివర 1945 బాంబు దాడుల్లో ఆ బడి కాలిపోతుంది. మండుతున్న బడిని చూస్తూ హెడ్మాస్టరు తన కొడుకుని ఈసారి ఎలాంటి బడి కడదాం అని అడుగుతారు. పిల్లలు ఏడుస్తారు, కానీ ఆ ప్రశ్న పట్టుకుని ఇంటికెళ్తారు. నాజీలకి దొరక్కుండా దాక్కున్న యూదు పిల్ల అన్ ఫ్రాంక్ డైరీ ఆమె రాసిన వయసుకి, అంటే పదమూడుకి, దగ్గరైనప్పుడు ఇస్తే మంచిది. అప్పుడే అమ్మ మీద ఆమె కోపం, అద్దం ముందు ఆమె ఆలోచనలు కూడా అర్థమవుతాయి.

ఆ పేర్లు నోరు తిరగవు. మార్చి చెప్పొచ్చా?

వద్దండి. కురొయనాగి, ఒమకయస్ అని రెండుసార్లు పలికితే వచ్చేస్తాయి. మన వెంకటసుబ్బయ్యని విదేశంలో వెన్ అని పిలిస్తే మనకి నచ్చదు కదా.

తెలుగులో ఇవి నిజంగా దొరుకుతాయా?

అనుకున్నంత తక్కువేం కాదు. ఒక తరానికి ఈ కిటికీ తెరిచింది సోవియట్ పుస్తకాలు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చువేసి పంపేవి, విశాలాంధ్ర పుస్తకశాలల్లో తక్కువ ధరకి దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివాళ్లు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. చింగీజ్ ఐత్‌మాతొవ్ 'తొలి ఉపాధ్యాయుడు' నాకు అలా దొరికిందే. మధ్య ఆసియాలోని కిర్గిజ్ పల్లెలో అంతంతమాత్రం చదువొచ్చిన యువకుడు పాత గుర్రపుశాలని బడిగా మార్చి, చలికాలంలో పిల్లల్ని భుజాల మీద వాగు దాటిస్తాడు. అల్తినాయ్ అనే అనాథ పిల్ల అక్కడే అక్షరాలు దిద్దుకుంటుంది. ఆమెకి జరిగే బలవంతపు పెళ్లి దృష్ట్యా దాన్ని పద్నాలుగు దాటినవాళ్లకే ఇస్తాను. 1991లో సోవియట్ యూనియన్ పోయాక ఆ రాక ఆగిపోయింది.

ఇప్పుడు హైదరాబాద్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలిక, ఈ నాలుగింటి జాబితాలు చూడండి. డబ్బు పెట్టలేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది. అందులో తెలుగు కథలు ఉచితంగా చదవొచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, మీరే అనువదించి పెట్టొచ్చు కూడా.

వేరే సంస్కృతి అంటే విదేశమేనా?

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు చాలా సంతోషం. ఎందుకంటే అడిగేవాళ్లు తక్కువ.

మన పాఠ్యపుస్తకాల్లో, పిల్లల పత్రికల్లో ఏళ్ల తరబడి ఒకే రకం ఇల్లు కనిపించింది. ముంగిట తులసికోట, వంటింట్లో పప్పు, నాన్నకి ఆఫీసు. మన తరగతి గదిలోనే ఉన్న సగం మంది పిల్లల ఇల్లు అలా ఉండదు. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో దళిత, ముస్లిం ఇళ్ల పిల్లల కథలు తెచ్చింది, తెలుగులోనూ వచ్చాయి. వాటిలో గోగు శ్యామల రాసిన గ్రామం పిల్లల కథలున్నాయి, మహమ్మద్ ఖదీర్‌బాబు 'తలకాయ కూర' ఉంది. ఖదీర్‌బాబుదే 'దర్గామిట్ట కతలు'లో కావలి ముస్లిం కుర్రవాడి చిన్నతనం, నెల్లూరు యాసలో, నవ్విస్తూ ఉంటుంది. పిల్లల కోసమని రాసింది కాదు, అయినా పెద్దపిల్లలు వదలకుండా చదువుతారు. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతా దేవి 'వై-వై గర్ల్' బెంగాల్‌లో మేకలు కాసే శబర ఆదివాసీ పిల్ల మొయినా గురించి. భూస్వామి మిగిలిన అన్నం పంపితే నేనెందుకు తినాలి అని అడిగే పిల్ల.

ఒక ఆదివారం 'తలకాయ కూర' తిరగేస్తూ మా లైబ్రరీకి వచ్చే ఒక అమ్మాయి, 'ఇలాంటివి కూడా పుస్తకంలో రాస్తారా ఆంటీ?' అని అడిగింది. అద్దం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

మావాడు 'ఛీ, అది తింటారా' అన్నాడు. ఏం చేయాలి?

తిట్టకండి. తిడితే మనసులో అనుకుంటాడు, పైకి అనడం మానేస్తాడు. నేనైతే మళ్లీ 'రైలుబడి' తీస్తాను. ఆ బడిలో మధ్యాహ్న భోజనం డబ్బాలో సముద్రానిది ఒకటి, కొండలది ఒకటి ఉండాలని నియమం. చేపైనా, సముద్రపు నాచైనా సముద్రానిదే. కూరగాయైనా మాంసమైనా కొండలదే. ఏదైనా లేకపోతే హెడ్మాస్టరు భార్య తన గిన్నెలోంచి వేసేది. ఎవరి డబ్బా గొప్ప, ఎవరిది తక్కువ అనే మాటకి అక్కడ చోటే లేదు. ఒకసారి మేమూ చాప మీద డబ్బాలు తెరిచి అదే ఆట ఆడాం. రాగి సంకటి, ఎండు రొయ్యలు, నూడుల్స్, పెరుగన్నం. ఏది కొండ, ఏది సముద్రం అని అరగంట వాదించుకున్నారు. ఆ రోజు 'ఛీ' అనే మాట వినిపించలేదు.

అమెరికాలో పెరుగుతున్న మా మనవరాలికి ఏవి పంపాలి?

అక్కడ ఆమె చుట్టూ పుస్తకాలకి కొదవ లేదు, తనలాంటి పిల్ల ఉన్నవే తక్కువ. విస్కాన్సిన్ యూనివర్సిటీలోని పిల్లల పుస్తకాల కేంద్రం 1985లో లెక్క మొదలుపెట్టినప్పుడు, ఆ ఏడు దేశంలో వచ్చిన సుమారు 2,500 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసినవి 18 మాత్రమే. ఇప్పుడు చాలా నయం, వలస కుటుంబాల పిల్లల కథలూ వస్తున్నాయి. మీరు ఇక్కడి నుంచి పంపేవి తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే పేజీలో ఉన్నవైతే మేలు. వాటితో పాటు మీ చిన్నతనం ఒక నోటుబుక్కులో రాసి పంపండి. ఏ ఊరు, ఏ బడి, బడికి ఎలా వెళ్లేవారు, ఎవరు కొట్టారు, ఏం తిన్నారు. ఆ పిల్లకి అది కూడా వేరే సంస్కృతి పుస్తకమే.

చదివాక ప్రశ్నలడగాలా, ప్రాజెక్ట్ చేయించాలా?

వద్దు. జెండా రంగులు, రాజధాని పేరు అడగడం మొదలుపెడితే ఆ పిల్ల టోటో-చాన్‌ని మళ్లీ ముట్టుకోదు. ఇంకో పుస్తకం చేతికివ్వండి.

మా వీధిలో ఇలాంటి బీరువా పెట్టాలంటే ఎన్ని పుస్తకాలు కావాలి?

ఇరవై చాలు. సగం తెలుగువి, సగం బొమ్మలున్నవి తీసుకోండి. విదేశాలవి ఎన్నో, మన పక్క పేటలవీ అన్ని ఉండేలా చూసుకోండి. పుస్తకాలకి అట్టలు వేయండి, బీరువాకి తాళం మాత్రం వేయకండి. 'రైలుబడి' రెండు కాపీలు కొనండి, ఒకటి ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లోనే ఉంటుంది.